పత్తి చేలో దొరికిన గురువు

ఎం.ఏ. రాజనీతిశాస్త్రంలో అమెరికా జాతి వివక్ష చట్టాలను పరీక్షల కోసం బట్టీ పట్టాను. ఆ చట్టాల నీడలో మనుషులు ఎలా బతికారో మాత్రం కార్ల్ పెర్కిన్స్ గిటార్ విన్నాకే కొంత అర్థమైంది.

పెర్కిన్స్ 1932లో టెనెసీ రాష్ట్రంలో, పంటలో వాటాకు సాగుచేసే పేద తెల్లజాతి ఇంట పుట్టాడు. చిన్ననాడే పత్తి ఏరాడు. తెల్లపిల్లలకో బడి, నల్లపిల్లలకో బడి ఉన్న రోజులవి. పత్తి చేను మాత్రం ఒక్కటే. ఆ చేలో పనిచేసే నల్లజాతి కూలీ జాన్ వెస్ట్‌బ్రూక్ ఆ కుర్రాడికి గిటార్ నేర్పాడు. నల్లవారి బ్లూస్, తెల్లవారి కంట్రీ సంగీతం అతని వేళ్లలో కలిసి రాకబిల్లీ అయ్యాయి.

1955 డిసెంబర్‌లో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ‘బ్లూ స్వేడ్ షూస్’ రికార్డయింది. మరుసటి ఏడాది పాప్, కంట్రీ జాబితాలతో పాటు నల్లజాతి శ్రోతల ఆర్ అండ్ బి జాబితాలోనూ పైకెక్కింది. బడులు కలవకముందే పాట కలిపింది. సరిగ్గా అప్పుడే, టీవీ కార్యక్రమం కోసం న్యూయార్క్ వెళుతుండగా కారు ప్రమాదం. పెర్కిన్స్ కోలుకుంటుండగానే ఎల్విస్ ప్రెస్లీ అదే పాటను టీవీలో పాడాడు. ఇప్పటికీ చాలామందికి అది ఎల్విస్ పాటే.

పెర్కిన్స్‌కు జరిగిన అన్యాయంగా దీన్ని చెబుతుంటారు. కానీ 1964లో బీటిల్స్ ఆయన పాటలు రికార్డు చేశారు. 1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1998లో కన్నుమూసేలోగా గౌరవం ఆలస్యంగానైనా అందింది.

మరి వెస్ట్‌బ్రూక్‌కు? శిష్యుడు చెప్పుకోబట్టే ఆ పేరైనా మనకు మిగిలింది.