వంతెనలో దాగిన మేకులు

పిల్లలూ, తిరుపతి నుంచి చిత్తూరుకు ఒకసారి రైలులో వెళ్ళండి. చంద్రగిరి దగ్గర కోటకొండ కనిపిస్తుంది. అక్కడి రాజమహలుకు కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే! గరుకైన ఇటుకను సున్నం గట్టిగా పట్టుకుంటుంది.

దారిలో రైలు రోడ్డు వంతెన కింద దూరితే, తల బయట పెట్టకుండా, పైకి చూడండి. కొన్ని వంతెనలకు అడుగున ఇనుప దూలాలు, వాటిమీద కాంక్రీటు పలక వుంటాయి. రైళ్ళను ఎక్కువసేపు ఆపలేరు గనుక, వేరేచోట చేసిన దూలాలను కొద్ది గంటలలో ఎత్తిపెట్టి, కాంక్రీటు తరవాత పోస్తారు. అయితే నున్నని ఇనుమును కాంక్రీటు అంత గట్టిగా పట్టదు. లారీ ఎక్కగానే రెండూ వంగి, ఒకదానిమీద ఒకటి జారబోతాయి.

రెండు స్కేళ్ళు జతగా పట్టుకుని వంచి చూడండి. చివరలు కలిసివుండవు. వాటినే బంకతో అంతటా అతికించి, ఆరాక వంచండి. ఒక్క స్కేలుకన్న విడిజత 2 రెట్లు బిగువు. అతికినజత 8 రెట్లు! స్కేళ్ళు అవే. జారకపోవడమే తేడా.

వంతెనలో బంకకు బదులు తల వున్న ఇనుప మేకులు వాడతారు. స్టడ్డులంటారు వీటిని. తరచుగా 19 లేక 22 మిల్లీమీటర్ల లావుంటాయి. దూలంమీద నిలబెట్టి, కరెంటు మెరుపుతో సుమారు ఒక్క సెకనులో అతికిస్తారు. తరవాత కొన్నిటిని సుత్తితో కొట్టి వంచి చూస్తారు. మేకు వంగవచ్చును గాని, అతుకు విడరాదు. మేకు ఒళ్ళు పలకను జారనివ్వదు, తల పైకి లేవనివ్వదు.

ఇప్పుడు మామూలుకన్న ఎంతో గట్టి కాంక్రీటులు వచ్చాయి. ఇంకేం, మేలే కదా అంటారు! పరీక్షశాలలో దూలం ముక్కకు రెండు పక్కలా పలకలు పోసి, దూలాన్ని పైనుంచి నొక్కుతారు. మామూలు కాంక్రీటు మేకు మొదట్లో నలుగుతుంది. మేకు వంగి కాస్త జారి, తన భారాన్ని పక్క మేకులకు పంచుతుంది. మహాగట్టి కాంక్రీటులో అదే మేకు ఎక్కువ బరువు మోస్తుంది, కాని వంగే చోటు లేక, కొద్దిగా జారగానే పుటుక్కున తెగవచ్చును. పంచుకునే వ్యవధి వుండదు. అందుకే యూరపు నియమావళి కనీసం 6 మిల్లీమీటర్లు జారి నిలిచే మేకునే సాగేగుణం గలదిగా లెక్కిస్తుంది.

కొత్త వంతెన కడుతూంటే, కాంక్రీటు పోయకముందు, పెద్దవాళ్ళతో దూరంగా నిలబడి చూడండి. మేకులు చివరలవైపు దట్టంగా, నడుమ పలచగా వుంటే ఆశ్చర్యపడకండి. స్కేళ్ళు ఎక్కడ జారాయో గుర్తుందిగా?