బాపు పెట్టిన తాళం



మనవలు చూడొద్దని బాపు మా టీవీల రెండు సినిమా ఛానళ్లకు లాక్ పెట్టిండు. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నంక తనే నంబరు కొట్టి అమ్మకు తెలుగు సినిమా పెట్టేటోడు. ఆయన పోయి ఐదు నెలలైంది. మొన్న అమ్మ "ఒక్క సినిమా పెట్టు బిడ్డా" అన్నది. ఆ నాలుగు అంకెలు ఇంట్ల ఎవ్వరికీ తెల్వవని అప్పుడు అర్థమైంది.

0000 కొట్టినం, 1234 కొట్టినం, అందరి పుట్టిన సంవత్సరాలు కొట్టినం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, రిజిస్టర్ అయిన నంబరు నుంచే చేయాలన్నరు. అది బాపు నంబరు. సిమ్ బందయింది.

మన నాందేడ్ ఎస్టీడీ కోడ్ 02462 కదా అని 2462 కొట్టిన. కాలే. అమ్మ మెల్లగ "8462 కొట్టు" అన్నది. తెరుచుకున్నది.

08462 నిజామాబాద్ కోడ్. అమ్మ పుట్టినూరు. పెళ్లయిన కొత్తల బాపు వారానికోసారి ఎస్టీడీ బూత్‌కు తీస్కపోయి, తనే నంబరు నొక్కి, రిసీవర్ అమ్మ చేతికిచ్చేటోడట. మీటర్ ఎంత తిరిగినా ఏమనకపోయేటోడట. రెండూళ్ల కోడ్‌లకు తేడా ఒక్క అంకెనే.

ఆ రాత్రి అమ్మ సినిమా సగం గూడ చూడలే.

బంధువులారా, టీవీ, గ్యాస్ కనెక్షన్లు పెద్దల పేరు మీదుంటే మీ నంబరు గూడ ఎక్కించుకోండ్రి. లాక్ కోడ్ ఇప్పుడే అడిగి రాసుకోండ్రి. ఆ అంకెలే ఎందుకు పెట్టిండ్రో గూడ అడగుండ్రి.