దెబ్బ తగలకుండా కొట్టడం



ముప్పై అయిదేళ్ళపాటు తెలుగు పండితుడిగా పనిచేసి, సంధులూ సమాసాలూ, ఛందస్సూ అలంకారాలూ తప్ప మరొకటి ఎరగని నేను అరవై అయిదవ యేట ఒక పోరాట చిత్రంలో కథానాయకుణ్ణయ్యాను. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వేయవచ్చు. మా ఇంట్లో ఆ కార్యక్రమం ఇదివరకే ముగిసింది. చిత్రం నిడివి ఏడు నిమిషాలు. తీయడానికి పట్టిన కాలం ఒకటిన్నర రోజు. అందులో నాకు తెలిసివచ్చిన సంగతి ఒకటి ఉంది. అది చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలూ.

2025 సంక్రాంతికి మా మనుమడు హైదరాబాదు నుంచి వచ్చాడు. చదివేది ఇంజనీరింగే గాని వాడి ధ్యాసంతా సినిమా మీదనే. ఏదో లఘుచిత్రాల పోటీకి జనవరి 16 అర్ధరాత్రిలోగా ఒక పోరాట చిత్రం పంపాలట. వెంట ఇద్దరు స్నేహితులు వచ్చారు. ఒకడు ఛాయాగ్రాహకుడు, రెండవవాడు కూర్పరి. నటించవలసిన నలుగురు కుర్రాళ్ళకు మాత్రం పండుగ రద్దీలో రైలు టిక్కెట్లు దొరకలేదు. భోగిమంట చల్లారిన తరువాత మా అరుగు మీద కాఫీ తాగుతున్న మా వృద్ధమండలిని వాడు ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి, "తాతయ్యా, మీరే చేసెయ్యకూడదూ?" అన్నాడు.

మండలి అంటే ఎవరెవరో చెప్పాలి. నాతోపాటు పనిచేసి పదవీ విరమణ పొందిన డ్రిల్లు మాస్టారు, ఆర్టీసీ బస్సు నడిపిన డ్రైవరుగారు, పోస్టుమాస్టరుగారు, బజారు మొదట్లో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. ఈ దర్జీ యాభై రెండేళ్ళవాడు, మా అందరిలోకీ చిన్నవాడు. ఎనిమిదవ తరగతిలో నా శిష్యుడు.

కథ సులువైనది. మూతబడిన రైసుమిల్లుకు ఒక ముసలి కాపలాదారు. ఇనుప సామాను ఎత్తుకుపోదామని ముగ్గురు దొంగలు వస్తారు. ముసలివాడు వాళ్ళను తరిమికొడతాడు. ముసలివాణ్ణి నేను, దొంగలు డ్రైవరుగారూ పోస్టుమాస్టరుగారూ, వారి నాయకుడు దర్జీ. పోరాటాల కూర్పు డ్రిల్లు మాస్టారిది.

నేను మొదట శాస్త్రం అడ్డం పెట్టాను. యుద్ధం, మరణం, రాజ్యభ్రంశం, నగర ముట్టడి, ఇవి రంగం మీద ప్రత్యక్షంగా చూపదగినవి కావని, ప్రవేశకాల ద్వారా సూచించాలని భరతుడు నాట్యశాస్త్రంలో విధించాడు. మన పద్యనాటకాలలోనూ అంతే. గయోపాఖ్యానంలో కృష్ణార్జునుల యుద్ధం ప్రధానంగా పద్యాలతోనే సాగుతుంది గాని ముష్టిఘాతాలతో కాదు. ఇంత చెప్పినా మనుమడు చలించలేదు. "తాతయ్యా, శాస్త్రం నీది. ఎల్లుండి సాయంత్రానికి షూటింగు అయిపోవాలి, అది నాది" అన్నాడు.

ఆపైన వాడు నాకు రాబర్ట్ రోడ్రిగ్జ్ అనే దర్శకుడి సంగతి చెప్పాడు. అతను 1992లో వచ్చిన తన మొదటి చిత్రం 'ఎల్ మరియాచి'ని మెక్సికో సరిహద్దులోని ఒక చిన్న ఊళ్ళో స్నేహితుణ్ణి కథానాయకుడిగా పెట్టి రెండు వారాలలో తీశాడు. ఖర్చు సుమారు ఏడువేల డాలర్లు. అందులో కొంత సంపాదించడానికి కొత్త మందుల పరీక్షకు తన శరీరాన్నే అప్పగించాడు. కెమెరాను నడిపించే బండి లేక ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీ అరువు తెచ్చుకున్నాడు. మాటలు బొమ్మతోపాటు నమోదు చేసే కెమెరా లేక, వాటిని విడిగా చెప్పించి తరువాత అతికించాడు. చేతిలో ఉన్నదేమిటో ముందు చూసుకుని దానికి తగిన కథ అల్లుకోవడమే అతని కిటుకు. "మన చేతిలో ఉన్నవి ఒక రైసుమిల్లూ, నలుగురు తాతయ్యలూ" అని ముగించాడు మనుమడు. యాభై రెండేళ్ళ దర్జీ ఆ లెక్కలో తననూ తాతయ్యను చేసినందుకు కొంచెం నొచ్చుకున్నాడు.

చక్రాల కుర్చీకి బదులు మాకు కూరగాయల తోపుడుబండి దొరికింది. పడేవారికి పరుపుగా పొలం నుంచి వరిగడ్డి వచ్చింది. తేనెలో మిఠాయి రంగు, రవ్వంత కాఫీపొడి కలిపితే రక్తం. ఎదుటి వీధి మైకు ఆగే సూచన లేదు కనుక మా మాటలు కూడా తరువాత చెప్పుకోవలసినవే అయ్యాయి.

భోగి మధ్యాహ్నం పని మొదలైంది. మొట్టమొదట తీసింది కథలోని చివరి దృశ్యం! నాకు తల తిరిగింది. సాయంకాలం అయిదున్నరకే వెలుగు పలచబడుతుంది గనుక ఎండను బట్టి, చోటును బట్టి పని వరుస వేసుకోవాలి గాని కథను బట్టి కాదని ఛాయాగ్రాహకుడు వివరించాడు. ఒక్క క్షణం ఆలోచిస్తే ఇది నాకు కొత్తది కాదని తోచింది. పద్యంలో కర్త ఒకచోట, క్రియ మూడు పాదాల అవతల ఉంటాయి. గణాలకూ యతికీ లొంగి పదాలు చెదిరిపోతాయి. వాటిని వరుసలో పెట్టి అన్వయం చెప్పడమే పండితుడి పని. వీళ్ళు చెదరగొట్టి తీస్తారు. కూర్పరి అన్వయం చెబుతాడు. ఈ మాట అంటే కూర్పరి కుర్రవాడు సంతోషించి, ఆ రోజంతా నన్ను "గురువుగారూ" అని పిలిచాడు.

దూరాన్వయం వల్ల వచ్చే చిక్కులూ వచ్చాయి. తలుపు బయట కళ్ళజోడు ఉన్న కాపలాదారు తలుపు లోపలికి కళ్ళజోడు లేకుండా వచ్చాడు. అరగంట పని మళ్ళీ చేయవలసి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే.

ఇక పోరాటం. సినిమా దెబ్బలు వట్టివని అందరికీ తెలుసు. వట్టి దెబ్బ ఎంత క్రమశిక్షణతో తయారవుతుందో నాకు ఆ రోజే తెలిసింది. కొట్టేవాడికీ పడేవాడికీ మధ్య చేయి అందనంత దూరం ఉంటుంది. కెమెరాను ఒకరి భుజం వెనుకగా పెడితే ఆ ఎడం కంటికి కనిపించదు. పిడికిలి ముఖాన్ని తాకినట్లే ఉంటుంది. ప్రతి కదలికకూ ఒక అంకె. డ్రిల్లు మాస్టారు "ఒకటి, రెండు, మూడు" అంటూ ముందు చీమ నడకలా చేయించి, తరువాత సగం వేగంతో, చివరికి పూర్తి వేగంతో చేయించారు. అరవై దాటిన మోకాళ్ళు కనుక పూర్తి వేగమంటే ఎంతో మీరు ఊహించుకోవచ్చు.

ఇన్ని నియమాలలోనూ ముఖ్యమైనది ఒకటి ఉంది. పోరాటాన్ని నడిపేది కొట్టేవాడు కాదు, దెబ్బ తినేవాడు. ముందుగా ఇద్దరూ కళ్ళు కలపాలి. తినేవాడు సిద్ధమేనని సైగ చేసిన తరువాతనే చేయి లేవాలి. చేయి గాలిలో పోతుంది. అతను తల తిప్పుతాడు. దెబ్బ బలం ఎంతో చెప్పేది అతని ముఖమే. చప్పుడు తరువాత కలుస్తుంది. మా చిత్రంలో వినిపించే చెంపదెబ్బలన్నీ మా పెరటి చాకిరేవు బండ మీద తడి తువ్వాలుతో కొట్టినవి.

అప్పుడు నాకు భాసుడి ఊరుభంగం జ్ఞాపకం వచ్చింది. అందులో భీమదుర్యోధనుల గదాయుద్ధం మనకు కనబడదు. ముగ్గురు భటులు వర్ణిస్తారు. కనబడేది తొడలు విరిగి నేల మీద ఈడ్చుకుంటూ వచ్చే దుర్యోధనుడు. మరణాన్ని రంగం మీద చూపరాదన్న నియమాన్ని కూడా ఆ నాటకం మీరింది. ఏ దెబ్బనూ చూపకుండా, దెబ్బ తిన్నవాణ్ణి చూడమంటుంది. ఎన్నో ఏళ్ళు ఆ నాటకం గురించి ఉపన్యసించాను గాని ఈ కోణం నాకు తట్టలేదు.

కనుమ నాటి సాయంకాలం చివరి ఘట్టం మిగిలింది. కాపలాదారు దొంగల నాయకుణ్ణి చెంపదెబ్బ కొట్టాలి. మొదటిసారి నా చేయి సగంలో ఆగింది. రెండవసారి నెమ్మదిగా పోయింది. మూడవసారి కూడా అంతే. ఎండ తగ్గిపోతోంది. నేను జంకుతున్నానని గ్రహించి, నాకు ధైర్యం చెప్పడానికి దర్జీ నవ్వుతూ, "ఫరవాలేదు, నిజంగానే కొట్టండి మాస్టారూ, నాకు అలవాటే" అన్నాడు.

అందరూ ఫక్కున నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

అది 1986 జనవరి. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. పద్యం అప్పజెప్పమంటే ఆ పిల్లవాడు లేచి నిలబడి, తూలిపోతూ, మొదటి పాదం దగ్గరే ఆగిపోయాడు. అంతకుముందే తరగతిలో రెండుసార్లు కునికాడు. బెత్తంతో అరచేతి మీద కొట్టాను. ఎన్ని కొట్టానో లెక్కలేదు. అప్పుడు డ్రిల్లు మాస్టారు అంకెలు చెప్పలేదు. సంక్రాంతి ముందు దర్జీల ఇళ్ళలో దీపం ఆరదని, తండ్రి కుట్టిన బట్టలకు కాజాలూ గుండీలూ కుట్టేది ఆ పిల్లవాడేనని నాకు వారం తరువాత తెలిసింది. సూది పోట్లు పడిన చేతి మీదనే కొట్టాను. తెలిసిన తరువాత కూడా ఏమీ అనలేదు. గురువు శిష్యుడితో ఏమంటాడు? ఆ వేసవి తరువాత అతను బడికి రాలేదు. తండ్రికి చూపు మందగించిందనీ, మిషను మీద తాను కూర్చోక తప్పలేదనీ అతను చెబుతాడు. అదే కారణమని నమ్మడం నాకు సౌకర్యంగా ఉంటుంది. అందువల్లనే పూర్తిగా నమ్మలేను.

2009 నాటి విద్యాహక్కు చట్టం పదిహేడవ సెక్షనులో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. అంతకు చాలా ముందే నేను బెత్తం మానేశాను. మానేశానని గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా. మానడానికి ముందు కొట్టిన దెబ్బల ప్రస్తావన ఆ గర్వంలో ఎన్నడూ రాలేదు.

"తాతయ్యా, నువ్వు ఆయన చెంపను చూస్తున్నావు. కళ్ళలోకి చూడు. ఆయన తల ఊపితేనే చెయ్యి ఎత్తు" అన్నాడు మనుమడు.

చూశాను. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉంటున్నాం. నా చొక్కాలన్నీ అతను కుట్టినవే. అయినా ఆ ముఖాన్ని అలా నిలిపి చూడటం అదే మొదటిసారి. చూపు మందగించే కుటుంబ లక్షణం అతనికీ వచ్చినట్లుంది. కళ్ళు కొద్దిగా చికిలించి నన్ను చూస్తున్నాడు. తల ఊపాడు. చేయి విసిరాను. జానెడు ఎడంలో గాలిని కోసుకుంటూ పోయింది. అతను తల తిప్పి గడ్డి మీద పడ్డాడు. "ఓకే" అని ముగ్గురు కుర్రాళ్ళూ ఒక్కసారే అరిచారు.

కెమెరా కట్టేశారు. వెలుగు కూడా అప్పటికే పోయింది. గడ్డి మీద అతని పక్కన కూర్చుని, "ఆనాడు అన్యాయంగా కొట్టానురా" అన్నాను. ఏళ్ళ తరబడి తయారుచేసుకున్న వాక్యాలు వేరే ఉన్నాయి. సమయానికి ఇదొక్కటే వచ్చింది.

అతను పెదవి మీది తేనె తుడుచుకుంటూ కొంతసేపు ఊరుకున్నాడు. తరువాత, "దెబ్బ సంగతి మరిచిపోయాను మాస్టారూ. నొప్పి ఎన్నాళ్ళుంటుంది! కానీ ఆ రాత్రి కాజాలు కుడుతూ పద్యం మొత్తం నేర్చుకున్నాను. మర్నాడు చెబుదామని వచ్చాను. మీరు అడగలేదు" అన్నాడు.

నిజమే. మర్నాడు అడగలేదు. ఆ తరువాతా అడగలేదు. తప్పు చేశానన్న సంకోచంతో, ఆ పిల్లవాడి వరుస వచ్చినప్పుడల్లా పక్కవాణ్ణి లేపాను. అది దయ అనుకున్నాను.

"ఇప్పుడు వచ్చునా?" అని అడిగాను.

లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. నాలుగు పాదాలూ చెప్పాడు. మూడవ పాదంలో ఒక పదం మారి యతి చెడింది. నేను దిద్దలేదు. డ్రిల్లు మాస్టారు మాత్రం ఎందుకో కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

చిత్రాన్ని కూర్చి, గడువుకు పదకొండు నిమిషాల ముందు పంపారు. బహుమతి రాలేదు. మా ఇంటి హాలులో పక్క వీధివాళ్ళతో సహా అందరం చూశాం. ఆ చెంపదెబ్బ ఘట్టంలో తడి తువ్వాలు చప్పుడుకు మా ఆవిడ ఉలిక్కిపడి, "అయ్యో, అంత గట్టిగా కొట్టారేమండీ!" అంది.

తగలలేదని చెప్పాను. ఆ ఒక్క దెబ్బ విషయంలో అది నిజం.