పత్తి చేలో నా బొమ్మ

గద్వాల అనగానే మన యిళ్లలో ఆడవారికి జరీ చీర కళ్లముందు మెదులుతుంది. మల్దకల్ అనగానే ఆ చుట్టుపక్కల వారికి తిమ్మప్ప జాతర గుర్తుకొస్తుంది. మొన్న దసరా సెలవుల్లో నేనక్కడికి వెళ్లింది చీరలకోసమూ కాదు, జాతరకోసమూ కాదు. మా పత్తి చేలో నన్ను నేను చిత్రించుకుందామని. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి తైలవర్ణాలతో పనేమిటంటారా? అది పాత సరదా. పైగా ఆ మూడెకరాలూ అమ్మాలా, వుంచాలా అన్న మాట మా అన్నదమ్ముల మధ్య నలుగుతోంది.

కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న యీ నేలను నడిగడ్డ అంటారు. ఇక్కడ పత్తిని దూదికోసమే కాదు, విత్తనంకోసం కూడా పండిస్తారు. సాయంత్రంపూట ఆడ మొక్కల మొగ్గలు విప్పి పుప్పొడి తిత్తుల్ని గోటితో తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ మొక్కల పువ్వులు తెచ్చి ఆ పుప్పొడిని ఒక్కొక్కదానికీ అద్దుతారు. కుంచె పట్టిన నా చేతికంటె ఆ కూలి తల్లుల చేతులే సున్నితం.

ప్రకృతి దృశ్యంలో చిత్రకారుడు తన్నెక్కడ నిలుపుకోవాలి? ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే 1854లో, వీపున సంచీతో బాటన పోతున్న తనకు, తన్నాదరించే ధనికుడే టోపీ తీసి నమస్కరిస్తున్నట్లు చిత్రించుకున్నాడు. వాన్ గో 1888లో తరస్కోను దారిన యెండలో సామాను మోసుకుపోయే బాటసారిగా వేసుకున్నాడు. ఆ పటం రెండో ప్రపంచ యుద్ధంలో నాశనమైందంటారు. ఒకరిది దర్జా, ఒకరిది నడక. మరి నాది?

అద్దంలో చూసి వేసిన ముఖాన్ని తెచ్చి చేలో అతికిస్తే, ఫొటో స్టూడియోలో తెర ముందు నిలబడ్డట్లుంటుంది. ఆరుబయట నుదుటిమీద ఆకాశపు నీలం పడుతుంది. గడ్డం కింద యెర్రమట్టి ఛాయ తేలుతుంది. ఆ రెండూ పడితేనే మనిషి ఆ నేలమీద వున్నట్లు. అవిసెనూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందుకే తొలిపూత టర్పెంటైనుతో పలచగా వేసి, పైపూతల్లో నూనె పెంచాలి. తారుమారైతే పైపొర ముందు ఆరి, తరువాత బీటలు వారుతుంది.

ముందు భాగాన పువ్వులద్దే చేతులు పెద్దవిగా వేశాను. వెనక గట్టుమీద బొటనవేలంత నేను. మా అమ్మ పటం దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇందుల నువ్వేడున్నవ్ నాయనా?"

చూపించాను.

"గట్టుమీద నిలవడ్డవా? చేన్ల దిగలే?"

"దిగినవాళ్లు ముందున్నారు కదమ్మా" అన్నాను.

అమ్మ యింకేమీ అనలేదు. ఆ రాత్రి అన్నయ్యతో మాట్లాడాను. యేళ్ల తరబడి ఆ చేను చేస్తున్న కుటుంబానికే మరో అయిదేళ్లు కౌలుకిచ్చేందుకు వొప్పుకున్నాడు. అమ్మకం మాట ఆ తరువాతే. పటం ఇంకా పూర్తిగా ఆరలేదు. మా అమ్మ మంచం యెదుట గోడకు ఆనించి వుంది.