గోడ ముఖం చూడనివే మిగిలాయి

సోవియట్ సినిమా పోస్టర్ల గురించి రాయమని మన పిల్లలు చాన్నాళ్లుగా అడుగుతున్నారు. "ఒరిజినల్ ఒక్కటైనా కొన్నారా సార్?" అని ఆటపట్టిస్తారు కూడా. పేరున్న పోస్టర్ ఒరిజినల్ అంటే వేలంలో లక్షల మాట. నాది లెక్చరర్ జీతం. నా దగ్గరున్నవన్నీ పునర్ముద్రణలే.

అయినా ఒరిజినల్‌ని ఎలా పోల్చుకుంటారో నేర్చుకున్నాను. అడుగు అంచున సన్నటి అక్షరాల్లో ప్రెస్ పేరు, సెన్సార్ అనుమతి నంబరు, ఎన్ని కాపీలు వేశారో ఉంటాయి. వేలల్లో వేశారు. మిగిలినవి బహు కొద్ది. పోస్టర్ బతుకే అంత: వానకు నానుతుంది, ఎండకు పెచ్చులూడుతుంది, వారం తిరక్కుండా దానిమీద ఇంకో సినిమా పడుతుంది. ఇవాళ వేలంలో తళతళలాడే కాపీ చాలావరకు గోడ ముఖం చూడనిదే. పనిచేసినవి పోయాయి, పనిచేయనివి ఖరీదెక్కాయి.

వ్లదిమీర్, గియోర్గి స్టెన్‌బెర్గ్ అన్నదమ్ములు. 1923 నుంచి పదేళ్లలో సుమారు 300 పోస్టర్లు చేశారు. జీగా వెర్తోవ్ 1929 సినిమా 'మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా'కి వేసింది చూడండి. ఆకాశంలోకి దూసుకుపోయే మేడలు, వాటి మధ్య గాల్లో విడివిడిగా తేలే ఒక స్త్రీ తల, చేతులు, కాలు. ఫొటోలు అతికించారనుకుంటాం. కాదు, చేత్తో గీసిందే. పెద్ద సైజులో ఫొటోని బాగా అచ్చేసే వీల్లేక, సొంతంగా ప్రొజెక్టర్ తయారుచేసుకుని, సినిమా ఫ్రేముల్ని కాగితంమీద వేసుకుని గీసేవారు. మధ్యాహ్నం సినిమా చూపించి మర్నాడు పొద్దునకల్లా పోస్టర్ అడిగేవారని వ్లదిమీర్ తర్వాత్తర్వాత చెప్పాడు. మేధావులు ఇప్పుడు దాన్ని అవాంగార్డ్ అంటున్నారు గానీ, అది రాత్రి షిఫ్టు కూడా.

ఈ బొమ్మల్ని మురిపెంగా పంచుకునే మనవాళ్లు గుస్తావ్ క్లుట్సిస్ పేరు దగ్గర కాస్త ఆగాలి. విప్లవం కోసం ఫొటోమాంటేజ్ పోస్టర్లు చేసిన లాత్వియా కళాకారుడు. 1938లో స్టాలిన్ ప్రభుత్వమే కాల్చి చంపింది. ఆయన చేసిన పోస్టర్లలో స్టాలిన్ బొమ్మలూ ఉన్నాయి.

ఇంకో సంగతి. కళాకారుడి పేరు దొరుకుతుంది, ప్రెస్ పేరు దొరుకుతుంది. జిగురు బక్కెట్ మోసినవాడి పేరు ఏ కేటలాగులోనూ నాకు కనబడలేదు. మా చిన్నాయన టౌనులో సినిమా హాలుకి పోస్టర్లు అంటించేవాడు. మైదా ఉడికించిన జిగురు, సైకిలు, నిచ్చెన. హీరో ముక్కు దగ్గర అతుకు తెలియకుండా కలిపేవాడు. ఆ గోడ ఏ టీ కొట్టుదో, ఆ కొట్లోనే ఆయనకు టీ వేరే గ్లాసులో వచ్చేది.

మొన్న ఆయనకు ఫోన్లో స్టెన్‌బెర్గ్‌ల పోస్టర్ చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇదెన్ని షీట్లురా?"

"ఒకటే చిన్నాయనా. మీటరు పొడుగుంటుంది."

"అట్టయితే నిచ్చెన పట్టుకోను ఇంకోడక్కర్లా," అన్నాడు.