హాలెండు జట్టులో మన తెలుగువాడు

మన విశాఖపట్నానికి ఉత్తరాన భీమునిపట్నంలో డచ్చివారి పాత సమాధులున్నాయి. ఒకప్పుడు వాళ్లు హాలెండు నుంచి ఓడలెక్కి మన తీరానికి వర్తకానికి వచ్చారు. మరి మన గడ్డ మీద పుట్టి, ఆ హాలెండు తరపున బ్యాటు పట్టినవాడి సంగతి విన్నారా, పిల్లలూ?

అతని పేరు నిడమానూరు తేజ. 1994లో విజయవాడలో పుట్టాడు. చిన్నతనంలోనే న్యూజీలాండు చేరి, అక్కడే చదువూ క్రికెట్టూ నేర్చాడు. తరవాత హాలెండు వెళ్లాడు. అక్కడివారికి ఫుట్‌బాలంటే ప్రాణం. క్రికెట్టునే నమ్ముకుంటే చాలామందికి పొట్ట గడవదు. తేజ ఉద్యోగం చేసుకుంటూనే ఆడాడు. ఆటా పనీ పొసగవనే తల్లిదండ్రులతో నేను వాదించేది ఇందుకే.

2023 జూన్ 26న హరారేలో ప్రపంచ కప్పు అర్హత పోటీ జరిగింది. వెస్టిండీసు 374 పరుగులు చేసింది. ఆ స్కోరు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. తేజ 76 బంతుల్లో 111 కొట్టాడు. హాలెండు కూడా సరిగ్గా 374 దగ్గరే ఆగింది! అప్పుడు ఇరుపక్షాలకూ ఆరేసి బంతులిచ్చి తేల్చే సూపర్ ఓవరు పెట్టారు. లోగన్ వాన్ బీక్ అందులో 30 పరుగులు దంచాడు. గెలుపు హాలెండుదయింది. రెండుసార్లు ప్రపంచ కప్పు గెలిచిన వెస్టిండీసు ఆ ఏడు అసలు పోటీకే రాలేకపోయింది.

నవంబరు 12న బెంగుళూరులో తేజ మన జట్టుకే ఎదురు నిలిచాడు. మనవాళ్లు 410 కొట్టి గెలిచారు. హాలెండువారిలో అందరికన్నా ఎక్కువ పరుగులు తేజవే: 54, అందులో ఆరు సిక్సర్లు! చివరికి రోహిత్ శర్మ బంతికి అవుటయ్యాడు. నేను చప్పట్లు కొడుతూంటే మా మనుమడు, "తాతయ్యా, నువ్వెటువైపు?" అని నిలదీశాడు. నేను జవాబు చెప్పేలోగా మరో సిక్సరు పడింది.