కుట్టిన మనిషి పేరు

మా అన్న కొడుకు తన పెండ్లికని స్కాట్లాండు నుంచి పోస్టులో కిల్టు తెప్పించుకున్నాడు. కిల్టు అంటే అక్కడి మగవాళ్లు నడుముకు చుట్టుకునే గళ్ల ఉన్ని బట్ట. ముందువైపు చదునుగా, వెనకవైపు కుచ్చిళ్లతో, మోకాళ్ల దాకా ఉంటుంది. మాది సింహాద్రిపురం మండలంలో ఒక చిన్న సుగాలీ తండా. వేరుశనగ చేలు, చీనీ తోటలు, కూలి పనులు, బెంగళూరులో డ్రైవర్లుగా ఉన్న పిల్లలు, ఇదీ మా బతుకు. అలాంటి చోటికి ఆ పార్సెల్ రావడంతో ఇంట్లో చాలా మాటలు లేచాయి. వాటిలో కొన్ని మన తండాల ఆడబిడ్డలంతా వినదగినవి అనిపించి ఇక్కడ రాస్తున్నాను.

వాడు గ్లాస్గోలో చదువుకుని, కొన్నాళ్లు అక్కడే పని చేసి వచ్చాడు. పట్టా తీసుకునే రోజు స్నేహితులతో పాటు తానూ అద్దెకు కిల్టు తెచ్చి కట్టుకున్నాడు. అక్కడ పెండ్లిళ్లకు, పట్టాల పండుగలకు, ఫుట్‌బాల్ ఆటలకు కిల్టు కట్టుకోవడం మామూలేనట. వాడి పెండ్లికి ఇద్దరు స్నేహితులు అక్కడినుంచి వస్తామన్నారు. ముగ్గురమూ కలిసి కట్టుకుందామని వీడికి ఆశ.

మా అన్నకు కోపం వచ్చింది. "ఏమిరా, మీ తాత కట్టిన పంచె, చుట్టిన పాగా ఒక్కనాడన్నా ముట్టినావా? ఎవరో దొరల పావడాకు నలభై వేలు పోస్తావా?" అన్నాడు.

వాడు ఊరుకోలేదు. "వాళ్లు పెండ్లికి వాళ్ల బట్ట కట్టుకుంటారు నాయనా. మన పెండ్లిలో మన బట్ట ఎవురు కట్టుకుంటాండారు, చెప్పు?" అన్నాడు.

దానికి మా అన్న దగ్గర జవాబు లేదు. ఆ మాట నా మనసులోనూ నిలిచిపోయింది.

కొలతలు రాసి పంపే పని నా మీద పడింది. టీచరును కదా, ఇంగ్లీషు ఫారాలన్నీ ఇంట్లో నా దగ్గరికే వస్తాయి. ఆ ఫారంలో నడుము కొలత, పిరుదుల కొలత, నడుము నుంచి మోకాలి చిప్ప మధ్యదాకా పొడవు అడిగారు. నిటారుగా నిలబడి వేరేవాళ్ల చేత కొలిపించుకోవాలని రాశారు. ఎన్ని గజాల బట్ట కావాలన్నది ఇంకో ప్రశ్న. పెద్ద రకానికి ఎనిమిది గజాల ఉన్ని పడుతుందట. మా యాడి పక్కనే కూర్చుని చూస్తూ, "ఎనిమిది గజాలా? మన ఫేటియా మాదిరే ఉండాదే" అంది.

తర్వాత ఏ వంశపు గళ్లు కావాలని అడిగారు. వంశానికి ఒక గళ్ల వరస, అంటే టార్టన్ ఉంటుందట. మావాడికి అక్కడ వంశమెక్కడిది? అలాంటివాళ్లు కూడా కట్టుకోదగిన గళ్లు కొన్ని ఉన్నాయి. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు కలిసిన 'బ్లాక్ వాచ్' అలాంటిదే. వాడు దాన్నే ఎంచుకున్నాడు.

పార్సెల్ రావడానికి పది వారాలు పట్టింది. ఈలోగా ఆ బట్ట కథ తెలుసుకుందామని చదివాను. చదివేకొద్దీ అది పరాయివాళ్ల కథ అనిపించలేదు.

1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ అనే మైదానంలో స్కాట్లాండు కొండ ప్రాంతపు తిరుగుబాటుదార్లు ఇంగ్లీషు రాజు సైన్యం చేతిలో ఓడిపోయారు. ఆ ఏడే వాళ్ల బట్టల మీద చట్టం వచ్చింది. 1747 ఆగస్టు 1 నుంచి మగవాళ్లు గానీ మగపిల్లలు గానీ కొండవాళ్ల బట్ట కట్టకూడదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు. రెండోసారి దొరికితే ఏడేండ్లు సముద్రం దాటించి తోటల్లో పనికి పంపడం. రాజు సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం ఆ బట్టే యూనిఫారం. ఆ చట్టాన్ని 1782లో ఎత్తేశారు.

మన సేవాలాల్ మహారాజ్ గుత్తి దగ్గర సేవాగఢ్‌లో 1739లో పుట్టాడని చెప్పుకుంటాం. ఆ లెక్కన కల్లోడెన్ యుద్ధం నాటికి ఆయన ఏడేండ్ల పిల్లవాడు. ఇంకో సంగతి. 1800లో నిజాం మన దత్త మండలాలను కంపెనీకి ఇచ్చేశాక ఇక్కడికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడే, అక్కడి విశ్వవిద్యాలయంలో చదివినవాడే. ఆయన 1780లో మద్రాసు చేరాడు. ఆయన తన దేశం వదిలేనాటికి అక్కడ కిల్టు మీద నిషేధం ఇంకా ఉంది. బట్టను చూసి మనిషిని పట్టుకోవచ్చన్న ఆలోచన ఆ పాలకులకు కొత్త కాదన్నమాట.

మన బట్ట మీద అలాంటి చట్టం రాలేదు. వచ్చిన చట్టం మనుషుల మీద వచ్చింది. ఎద్దుల మందలతో ఉప్పు, ధాన్యం మోసి సైన్యాలకు తిండి చేరవేసిన మన బిడారులు రోడ్లు, రైళ్లు వచ్చాక పని పోగొట్టుకున్నాయి. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చారు. మనవాళ్లలో కొన్ని గుంపుల పేర్లూ ఆ జాబితాలకు ఎక్కాయి. దేశమంతటా ఆ చట్టం పోయేసరికి 1952 అయింది. అద్దాల ఫేటియా కట్టిన ఆడమనిషి సంతలో ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. దొంగతనం జరిగిందంటే ముందు చూపు ఆమె మీదికే పోయేది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ చూపు తగ్గలేదు.

నేను బడికి పోయే రోజుల్లోనే మా తండాలో ఫేటియాలు తగ్గిపోయాయి. మా యాడి ఒకరోజు నన్ను ఆసుపత్రికి తీసుకుపోతుంటే బస్సులో పక్కన కూర్చున్నామె లేచి వేరే సీటుకు పోయింది. ఎవరో వెనకనుంచి "నక్కలోళ్లా, లంబాడోళ్లా" అని అడిగి నవ్వారు. తర్వాత కొన్నాళ్లకు యాడి చీర కట్టింది. బలియాలు, అంటే మోచేతి పైదాకా వేసుకునే గాజులు, తీసేసింది. ఫేటియాను, కాంచళిని, తలమీద కప్పుకునే టుక్రిని ట్రంకు పెట్టెలో పెట్టింది. ఎందుకని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. జైలు భయంతో కొండవాళ్లు వదిలిన దాన్ని మన ఆడవాళ్లు నవ్వులకు వదిలారు.

ఇందులో ఇంకో తేడా కూడా ఉంది. అక్కడ బట్ట బరువు మగవాళ్ల మీద ఉండేది, నిషేధమూ వాళ్ల మీదే వచ్చింది. మనలో మగవాళ్లు పాగా తీసేసి ప్యాంటు తొడుక్కుంటే జాతి పోయిందని ఎవరూ అనలేదు. ఆడవాళ్లు చీర కడితే మాత్రం "మన కట్టు పోయింది" అని సభల్లో బాధపడతారు. ఆ బాధపడే నాయకులు ఒక్క ఫేటియా కుట్టించి కూలి ఇచ్చారా అని అడగాలనిపిస్తుంది.

పార్సెల్ వచ్చింది. పోస్ట్‌మ్యాన్ కస్టమ్స్ సుంకం కట్టించుకుని ఇచ్చాడు. యాడి కిల్టును ఒళ్లో పెట్టుకుని తిరగేసింది. కంటి చూపు తగ్గింది గాబట్టి వేళ్లతోనే చూసింది. కుచ్చిళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. గళ్ల వరస కుచ్చిళ్ల మధ్య ఎక్కడా తెగకుండా ఉంది. మడతలన్నీ కలిపి చూస్తే విప్పిన బట్టలో ఉన్న గళ్లే మళ్లీ కనపడేలా కుట్టారు. "ఇది మిషను కుట్టు కాదు" అంది. తర్వాత ఆ పెట్టెలో ఉన్న చిన్న కార్డును చదవమంది. దానిమీద కుట్టినామె పేరు, చేత్తో చేసిన సంతకం ఉన్నాయి.

"ఆమె పేరు రాసుకున్నాదా?" అని రెండుసార్లు అడిగింది యాడి.

అదే వారం పెండ్లికూతురికని ఫోనులో ఆర్డరు పెట్టిన 'బంజారా డ్రెస్' కూడా వచ్చింది. నాలుగు రోజుల్లో వచ్చింది, మూడు వేల రూపాయలు. పిల్ల ముచ్చటపడింది, అందులో తప్పేమీ లేదు. అద్దాలు ప్లాస్టిక్కువి. కుట్టంతా మిషనుది. గవ్వలను జిగురుతో అంటించారు. యాడి రెండు బట్టలనూ మంచం మీద పక్కపక్కన పరచమంది.

"వాళ్ల దాన్ని కుట్టిన మనిషికి పేరుండాది. మన దాన్ని కుట్టినామె పేరు యాడుండాది?" అంది.

మా అన్న అప్పుడు మొదటిసారి ఆ కిల్టును చేతిలోకి తీసుకున్నాడు.

పోస్టులో తెప్పించుకున్నంత మాత్రాన బట్ట చిన్నబోదని నాకు ఆ రోజు అర్థమైంది. స్కాట్లాండులో కూడా చవక కిల్టులున్నాయి. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో తయారై ప్రపంచమంతా పోతాయి. ఇంకా చెప్పాలంటే, వంశానికొక గళ్ల వరస అన్న పద్ధతి చాలామటుకు పంతొమ్మిదో శతాబ్దంలో గట్టిపడిందే. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఊరంతటినీ గళ్ల బట్టల్లో నిలబెట్టాడు. అక్కడినుంచి దానికి గొప్ప వచ్చింది. నిషేధం పోయిన నలభై ఏండ్లకు జరిగిన సంగతి అది. పోయిందనుకున్నదాన్ని వాళ్లు కూర్చుకున్నారు, కొంత కల్పించుకున్నారు కూడా. కానీ నేత, కుట్టు పనిని కొందరి చేతుల్లో బతికించుకున్నారు, లెక్క రాసుకున్నారు. 2008లో చట్టం చేసి, మరుసటి ఏడు టార్టన్ల రిజిస్టరు తెరిచారు. ఏ రంగు దారం ఎన్ని పోగులో అందులో రాసి పెడతారు. అందులో సింగ్ పేరుతోనూ ఒక టార్టన్ ఉంది.

మనకూ రాయదగినవి లేవా? కిలన్, వేలే, బక్యా, మాకి అని కుట్లకు పేర్లున్నాయి. అద్దం చుట్టూ దారం ఎట్లా తిప్పాలి, గవ్వను ఏ మూల కుట్టాలి, కాంచళి ముందు భాగానికి ఏ ముక్క, టుక్రి నుదుటి అంచుకు ఏ ముక్క, అన్నిటికీ పద్ధతుంది. అనంతపురం దాటి బళ్లారి అవతలికి పోతే సండూరు వస్తుంది. అక్కడి మన ఆడవాళ్ల కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కుట్టిన 1755 వస్తువులను ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. వాళ్లవీ మనవీ ఒకే చేతులు. వాళ్లకు కుట్టును పనిగా నడిపే కేంద్రం ఉంది, మన వైపు అలాంటిది లేదు. మా చుట్టుపక్కల తండాల్లో పాత పద్ధతిలో కుట్టగలిగిన వాళ్ల కోసం వెతికితే నాకు నలుగురు దొరికారు. అందరూ అరవై దాటినవాళ్లే.

పెండ్లికి కొత్త ఫేటియా కుట్టే వ్యవధి లేదు. యాడి పాత ఫేటియా బట్ట చిరుగులు పట్టింది గానీ కుట్టు గట్టిగానే ఉంది. మన పెద్దలు ఎప్పుడూ చేసిన పనే చేశాం. కుట్టు ముక్కలు ఊడదీసి కొత్త బట్ట మీద వేశాం. ఆ నలుగురిలో ఒకామె మా ఇంట్లో పన్నెండు రోజులుండి ఆ పని చేసింది. మిషను డ్రెస్సుకు పెట్టిన డబ్బుకు మూడింతలు ఆమెకు కూలి ఇచ్చాం. కిల్టుకు నలభై వేలు పోసిన మావాడు దానికి బేరమాడలేదు. పెండ్లికూతురు కట్టుకుని నాలుగడుగులు వేసి, "బరువుగా ఉంది అత్తా, కానీ నిలబడితే నిలబడినట్టుంది" అంది. తాళి సమయానికి అదే కట్టుకుంది, సాయంత్రం తేలికైన మిషను డ్రెస్సులో నాట్యమాడింది. రెండూ ఆమె ఇష్టమే.

ఇప్పుడు గ్లాస్గోలోని స్నేహితుల్లో ఒకతను తన చెల్లెలికి ఫేటియా ముక్కలతో సంచి కావాలని అడిగాడు. పంపడానికి కొన్ని పద్ధతులున్నాయి. పాత నాణేలు కుట్టిన ముక్కను మామూలు పార్సెల్లో పంపకూడదు. నూరేండ్లు దాటిన వస్తువులను దేశం దాటించకూడదు. ఏనుగు దంతపు బలియాలను అమ్మనే కూడదు. కానుకగా పంపేది 39 పౌండ్ల లోపుంటే అక్కడ దిగుమతి పన్ను పడదు. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే.

మన తండాల నుంచి ఎవరైనా అమ్మకానికి పంపదలిస్తే నేను ఒక ఫారం తయారుచేసి పెట్టాను. కిల్టు ఫారం చూసే రాశాను. నడుము కొలత, పొడవు, ఎన్ని గజాల ఘేరా, ఏ కుట్లు, ఎన్నాళ్లు పడుతుంది, కూలి ఎంత అన్న గడులున్నాయి. అన్నిటికంటే పైన కుట్టిన మనిషి పేరు, ఆమె తండా పేరు రాసే గడి పెట్టాను. ఇప్పటికి ఆ నలుగురి పేర్లు, వాళ్లకు వచ్చిన కుట్లు ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాయచోటి వైపు, కదిరి వైపు తండాల్లో ఇంకా ఉంటారు. ఈ వ్యాసం చదివినవాళ్లు మీ తండాలో కుట్టు తెలిసిన యాడి దగ్గర ఒక పూట కూర్చోండి. ఆమె పేరు, ఆమెకు వచ్చిన కుట్ల పేర్లు, ఎవరి దగ్గర నేర్చుకుందో రాయండి. వచ్చే సేవాలాల్ జయంతికి, ఫిబ్రవరి 15న, ఆ కాగితాలన్నీ ఒకచోట పెడదాం.